గోడకు చెప్పిన పని

తాను ఇంత చేస్తున్నా జనం ఎందుకు వెళ్ళిపోతున్నారో ఓబులేసుకు అంతుపట్టలేదు.

అతను చేసింది ఫోన్లో పనులు చెప్పి పెట్టుకునే యాప్. దాని పేరు గోడ. ఈ రోజు చేయాల్సినవి, రేపటికి మరిచిపోకూడనివి అందులో వేసుకుంటే అది దాచిపెట్టి, అడిగినప్పుడు చెబుతుంది. బెంగుళూరులో ఉద్యోగం మానేసి, జయశీల అనే స్నేహితురాలితో కలిసి నాలుగేళ్ళుగా దాని మీదే ఉన్నాడు. మొదట్లో ఒకరిని చూసి ఒకరు వచ్చారు. నిరుటి నుంచి వచ్చేవాళ్ళు తగ్గారు. ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తీసేస్తున్నారు.

పోయేవాళ్ళను ఆపడానికి ఓబులేసు తనకు తెలిసిన పనే చేశాడు. కొత్త ఫీచర్ పెట్టాడు.

ముందు పనులకు రంగులు. తర్వాత ఏది ముఖ్యం, ఏది కాదు అని తేల్చే నాలుగు మెట్లు. పనులు పూర్తి చేసేకొద్దీ పెరిగే మొక్క బొమ్మ ఒకటి. చేయకపోతే అది వాడిపోతుంది. పొద్దున్నే ఒక మంచి మాట. వారానికోసారి మార్కులు. ఇవాళ మీ మనసు ఎలా ఉందని అడిగే ఐదు ముఖాలు. ఏది పెట్టినా పది రోజులు కాస్త సందడిగా ఉండేది. ఆపైన మళ్ళీ మామూలే. అప్పుడు ఇంకొకటి పెట్టేవాడు.

మొదట్లో జయశీల కూడా ఉత్సాహంగానే చేసింది. పోను పోను ఆమె మాట తగ్గింది. ముందు ఉన్నవి సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామంది. కళ్ళు కనిపించని వాళ్ళకు ఇది ఎలా ఉందో ఒకసారి సరిచూడాలని వాళ్ళ సొంత పనుల జాబితాలోనే రాసిపెట్టింది. ఓబులేసు దాన్ని వచ్చే వారానికి జరిపాడు. ఆ వారం వచ్చాక పై నెలకు జరిపాడు. ఈసారి కొత్త వెర్షన్ కోసం అతను నోట్‌బుక్ నిండా ఫీచర్లు రాసుకొచ్చి బల్ల మీద పెడితే, ఆమె రెండు పేజీలు తిప్పి మూసేసింది. ఇది బయటికి వెళ్ళాక తాను తప్పుకుంటానని చెప్పింది. కోపంగా చెప్పలేదు. అందుకే అతనికి భయం వేసింది.

రెండు రోజులు తిండి కూడా సరిగ్గా సహించలేదు. మూడో రోజు నోట్‌బుక్ సంచిలో వేసుకుని కడప బస్సెక్కాడు. ఉసేనయ్య తాతను అడిగితే దారి దొరుకుతుందనుకుని, వస్తున్నానని ముందు రాత్రే ఆయనకు ఫోన్ చేసి చెప్పాడు.

ఉసేనయ్య దూదేకులాయన. పెన్న ఒడ్డున ఒక ఊరి చివర, రేకుల కొట్టంలో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. వయసులో ఉండగా ఒక ఫకీరు దగ్గర ఉపదేశం తీసుకున్నాడట. ఆ ఫకీరు పోతూ పోతూ తన చోటు ఈయనకు అప్పజెప్పి, పని మాత్రం మానొద్దన్నాడట. అందుకని ఆయన పరుపులూ కుట్టాడు, వచ్చినవాళ్ళ గోడూ విన్నాడు. ఫకీర్లు ఉండే చోటు కాబట్టి ఆ కొట్టాన్ని జనం తకియా అంటారు. ఏ మతం వాళ్ళయినా వస్తారు, చాప మీద కూర్చుంటారు, పోతారు.

ఓబులేసు మొదటిసారి అక్కడికి వెళ్ళింది పరుపు కోసమే. అప్పుడతను కాలేజీలో చదువుతున్నాడు. నాన్న ఏడాది మంచాన ఉండి పోయాడు. ఆయన పడుకున్న పరుపును ఇంట్లో ఎవరూ ముట్టుకోలేకపోయారు. పారేయడానికి అమ్మ ఒప్పుకోలేదు. చివరికి దాన్ని సైకిల్ మీద కట్టుకుని తకియాకు తెచ్చాడు. ఉసేనయ్య కుట్లు విప్పి, గడ్డలు కట్టిన దూదినంతా ఎండలో చాప మీద పరిచాడు. ఎప్పటికవుతుందని ఓబులేసు అడిగితే, ఎండినప్పుడు అవుతుంది, కూర్చోమన్నాడు.

ఓబులేసు సాయంత్రం దాకా ఆ దూది పక్కన కూర్చున్నాడు. నాన్న పోయాక అతను మొదటిసారి ఏడ్చింది అక్కడే. ముసలాయన ఏమీ అడగలేదు, ఓదార్చలేదు. గాలికి దూది లేస్తే మాత్రం పట్టుకోమన్నాడు.

ఆనాటి నుంచి తాత అని పిలుస్తూ నెలకోసారి వెళ్ళేవాడు. తానొక గురువు దగ్గరికి వెళ్తున్నానని అతను చాలా కాలం అనుకోలేదు.

'గోడ' పుట్టింది కూడా అక్కడే.

ఉసేనయ్యకు మాటంటే మాట. ఫలానా రోజు వస్తానని చెబితే వానలో తడుచుకుంటూ అయినా వెళ్ళేవాడు. కూతురికి పరీక్ష ఉంది తాతా, కొడుక్కి ఆపరేషన్ ఉంది తాతా, మా కోసం దువా చెయ్యి అని ఎవరైనా అడిగితే, ఆ పేర్లు బొగ్గుతో సున్నపు గోడ మీద రాసుకునేవాడు. తెల్లవారుజామున ఆ గోడ ముందు కూర్చుని ఒక్కొక్కరినీ పేరు పేరునా తలుచుకునేవాడు. పని అయిపోయాక తడిగుడ్డతో తుడిచేసేవాడు. డెబ్బై దాటాక నీటికాసుల జబ్బుతో చూపు కొద్దికొద్దిగా పోయింది. ఎదురుగా గోడ ఉంది. రాతలు లేవు.

అప్పుడు ఓబులేసు రెండు ఆదివారాలు కూర్చుని ఆయన ఫోన్లోకి చిన్న యాప్ ఒకటి రాశాడు. తెర మీద ఎక్కడైనా వేలు నొక్కిపట్టి మాట్లాడితే ఆ మాటను దాచుకుంటుంది. ఒకసారి తడితే ఆయన గొంతుతోనే వినిపిస్తుంది. అయింది అంటే తుడిచేస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. ఉసేనయ్య దాన్ని రెండుసార్లు విని, మన గోడకు మాటలొచ్చినాయని బీబమ్మను కేకేసి చెప్పాడు. బీబమ్మ ఆయన చెల్లెలు. భర్త పోయాక అన్న దగ్గరే ఉండి తకియాకు వండిపెడుతోంది.

పేరు అలా వచ్చింది. తర్వాత అది స్నేహితుల ఫోన్లలోకి, వాళ్ళ స్నేహితుల ఫోన్లలోకి పాకింది. ఓబులేసుకు తీరిక తగ్గింది. నెలకోసారి వెళ్ళేవాడు రెండు నెలలకోసారి వెళ్ళాడు. ఇప్పుడు వెళ్ళి ఎనిమిది నెలలయింది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అది దానంతటదే ఉసేనయ్య ఫోన్లోకి కూడా చేరుతూనే ఉంది. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. తలుచుకున్నప్పుడల్లా తృప్తిగా కూడా ఉండేది. తాను వెళ్ళకపోయినా, తాను చేసిందల్లా తాతకు అందుతోంది కదా అనుకునేవాడు.

రోడ్డు మీద బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. వైశాఖం ఎండ. అక్కడి నుంచి తకియాకు రెండు మైళ్ళ నడక. నడిచి చేరేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా అతనికి ఒంటి మీద ధ్యాస లేదు. బెంగుళూరు నుంచి మనసులో తిప్పుకుంటూ వచ్చిన మాటలు నోటి చివరే ఉన్నాయి.

ఉసేనయ్య చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చెప్పుల చప్పుడుకే తల తిప్పి, "వచ్చినావా నాయనా," అన్నాడు.

ఓబులేసు ఆయన పాదాలు తాకి, కూర్చుంటూనే మొదలుపెట్టాడు. జనం పోతున్న సంగతి చెప్పాడు. జయశీల అన్న మాట చెప్పాడు. నాలుగేళ్ళ కష్టం చేతుల్లోంచి జారిపోతోందన్నాడు. నోట్‌బుక్ తీసి చదవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఉసేనయ్య రెండుసార్లు ఏదో అనబోయాడు. ఇదొక్కటి వినండి తాతా అంటూ ఓబులేసు పేజీ తిప్పాడు. ఏ ఫీచర్ ఏం చేస్తుందో, అది ఎవరికి నచ్చుతుందో, దాన్ని ఇంకెవరూ ఎందుకు పెట్టలేకపోయారో అన్నీ చెప్పాడు. చెప్పేకొద్దీ అతనికే ఉత్సాహం పెరిగింది.

చివరి పేజీ అయ్యాక నోట్‌బుక్ మూసి అడిగాడు.

"వీటిల్లో ఏది పెడితే జనం నిలబడతారో మీరు చెప్పండి తాతా. మీ నోట ఏది వస్తే అదే పెడతాను."

ఉసేనయ్య ఒళ్ళో ఉన్న ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాడు.

"పొద్దున ఇందులో ఒక పని చెప్పిపెట్టినా. అదేందో చూసి, అయిందనిపించు. ఆ తర్వాత నీ పుస్తకం సంగతి చూద్దాం."

ఇంతేనా అనుకుని ఓబులేసు తెర మీదికి వంగాడు.

"కండ్లతో కాదు," అన్నాడు ఉసేనయ్య.

భుజం మీది తువ్వాలు తీసి, తడుముకుంటూ అతని తల చుట్టూ తిప్పి, వెనక ముడి వేశాడు. ఏళ్ళ తరబడి పరుపులు కుట్టిన చేతులు. ముడి గట్టిగానే పడింది.

తెర మీద ఏముందో చదివి వినిపించే గొంతు ఒకటి ఆ ఫోన్లో ఉంది. కళ్ళు కనిపించని వాళ్ళ కోసం ఉండే ఏర్పాటు అది. వేలు కుడికి జరిపితే తర్వాతిది చదువుతుంది. కావలసింది వినిపించినప్పుడు రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. ఇదంతా ఓబులేసుకు తెలుసు. ఏది ఎక్కడుందో కూడా తెలుసు. అన్నీ తన చేత్తో పెట్టినవే.

గోడ తెరిచాడు.

"నేటి మంచి మాట," అంది గొంతు. "అడుగు వేసినవాడికే దారి కనిపిస్తుంది."

వేలు జరిపాడు.

"మీ మనసు ఎలా ఉంది? పేరు లేని బటన్."

మళ్ళీ జరిపాడు. "పేరు లేని బటన్." మళ్ళీ జరిపాడు. "పేరు లేని బటన్."

అవి ఐదు ముఖాలు. నవ్వే ముఖం దగ్గర్నుంచి ఏడ్చే ముఖం దాకా. ముఖం చూస్తేనే తెలుస్తుంది కదా, పేర్లెందుకని అతను వాటికి పేర్లు పెట్టలేదు. ఇప్పుడు ఏది నవ్వేదో, ఏది ఏడ్చేదో తెలియలేదు. ఏదో ఒకటి తట్టాడు. ఎందుకలా ఉందని అది అడిగింది. వెనక్కి వచ్చాడు. మంచి మాట మళ్ళీ మొదటి నుంచీ మొదలైంది.

రెండోసారి ముఖాలను దాటి వెళ్ళగలిగాడు. రంగులు వచ్చాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కొక్క రంగు పేరూ ఆ గొంతు శ్రద్ధగా చదివింది. ఎదురుగా చాప మీద చూపు లేని మనిషి కూర్చుని వింటున్నాడు. ఓబులేసు వేలు కొంచెం తొందరగా జరిపాడు. తొందరలో దాటకూడనిది దాటాడు. ఈ వారం మార్కుల పేజీ తెరుచుకుంది. సున్నా అంది. వెనక్కి వచ్చాడు.

"మీ మొక్క వాడిపోయింది. పంతొమ్మిది రోజులుగా మీరు ఒక్క పనీ పూర్తి చేయలేదు. ఇలాగైతే వెనకబడిపోతారు."

ఆ వాక్యం రాసింది ఓబులేసే. బాగా కుదిరిందని జయశీలకు చదివి వినిపించాడు కూడా.

"అది రోజూ తిడతాది," అన్నాడు ఉసేనయ్య. గొంతులో చిరునవ్వుంది.

ఓబులేసు చెవులు వేడెక్కాయి. తెల్లవారకముందే లేచి పదిమంది పేర్లు తలుచుకునే మనిషిని, ఈ గొంతు పంతొమ్మిది రోజులుగా సోమరి అంటోంది. తన మాటలతో అంటోంది.

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. తువ్వాలు తడిసి చెమట కళ్ళలోకి దిగుతోంది. గొంతు ఎండిపోయి మింగడానికి ఉమ్మి లేదు. నాలుక పిడచకట్టుకుపోయిన సంగతి అప్పటికి గానీ అతనికి తెలియలేదు. లేచి వెళ్ళి నీళ్ళు తాగొద్దామనుకున్నాడు. చెప్పిన పని కాకుండా లేవడం బాగుండదని కూర్చున్నాడు. ఒకసారి పొరపాటున ఎక్కడికో వెళ్ళాడు. పనులన్నిటినీ తొలగించాలా అని అడిగింది ఆ గొంతు. నిప్పు తగిలినట్టు వేలు వెనక్కి లాక్కున్నాడు. తాత ఈ చోటికి ఎన్నిసార్లు వచ్చి ఉంటాడో అనిపించింది. వచ్చి, ఎటు తట్టాలో తెలియక అలాగే ఎంతసేపు కూర్చుని ఉంటాడో.

వాకిట్లో బీబమ్మ అడుగుల చప్పుడయింది. గడప దగ్గర ఆగి వెళ్ళిపోయింది.

అరగంట అయిందో, ఇంకా ఎక్కువే అయిందో అతనికి తెలియలేదు. చివరికి ఆ గొంతు చెప్పింది.

"ఈ రోజు. ఒక పని. గడువు దాటింది."

రెండుసార్లు తట్టాడు. ఈసారి వచ్చింది ఆ గొంతు కాదు. ఉసేనయ్య గొంతు. వెనక ఎక్కడో కాకి అరుస్తోంది. పొద్దుటి పూట చెప్పినది.

"ఓబులేసు ఎండన పడి వస్తాడు. రాంగానే మంచినీళ్ళియ్యాల."

ఓబులేసు ఫోన్‌ను ఒళ్ళోకి దించాడు.

ఎదురుగా కూజా మీద బోర్లించిన గ్లాసు తీసిన చప్పుడయింది. నీళ్ళు వంచిన చప్పుడయింది. కూజా అంతసేపూ ఆయన చేతికందే దూరంలోనే ఉంది. చల్లటి గ్లాసు వచ్చి ఓబులేసు వేళ్ళకు తగిలింది.

"తాగు నాయనా."

తువ్వాలు విప్పుకోకుండానే తాగాడు. రెండో గ్లాసు కూడా తాగాడు. మూడోది తాగుతూంటే సగం చొక్కా మీద పడింది.

"దాహం తీరిందా?"

"తీరింది తాతా."

"అట్లయితే దానికి చెప్పు మరి, అయిందని."

ఓబులేసు ఫోన్ దగ్గరగా పట్టుకుని, అయింది అన్నాడు. ఈ పని మీకు ఎలా అనిపించిందో ఒకటి నుంచి ఐదు వరకు చెప్పమంది అది. అతను ఫోన్‌ను చాప మీద బోర్లా పెట్టేశాడు.

తువ్వాలు విప్పుకున్నాక వెలుతురుకు కళ్ళు చిట్లించి చూశాడు. ఉసేనయ్య ముఖంలో గెలిచిన భావం ఏమీ లేదు. పక్క ఇంటి పిల్లవాడికి ముల్లు తీసి పెట్టినట్టు మామూలుగా కూర్చుని ఉన్నాడు.

"ఇన్ని నెలలు ఎందుకు చెప్పలేదు తాతా?"

"అంత ప్రేమగా పెడతాండావు," అన్నాడు ఉసేనయ్య. "వద్దనేదెట్లా?"

నోట్‌బుక్ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఓబులేసూ ఎత్తలేదు.

కాసేపటికి లోపలికి వెళ్తే బీబమ్మ సంగటి పెట్టింది. పెడుతూ పెడుతూ తనంతట తానే చెప్పింది. ఆ ఒక్క మాట ఫోన్లో పెట్టడానికి అన్న పొద్దుటి నమాజు నుంచి ఎండ గడప దాటేదాకా కూర్చున్నాడట. నేను లేనా, నీళ్ళు నేనియ్యనా అని తానంటే, పిల్లోడు చేసిచ్చింది కదా, మూలన పెట్టేస్తే బాగుండదన్నాడట.

ఇంకో సంగతి కూడా చెప్పింది. అది చెప్పాలా వద్దా అని కాసేపు కుండలో గరిటె తిప్పింది. కుమ్మరి నాగప్ప మనవరాలికి పేరు పెట్టడానికి వస్తానని ఉసేనయ్య మాటిచ్చాడు. ఆ తేదీ గోడకు చెప్పిపెట్టుకున్నాడు. తీరా ఆ రోజు దాన్ని ఎంత వెతుక్కున్నా దొరకలేదు. రేపో ఎల్లుండో అనుకుని ఉండిపోయాడు. వాళ్ళు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మధ్యాహ్నం దాకా చూసి, పొద్దు వాలుతుంటే వాళ్ళే పేరు పెట్టేసుకున్నారు. తెలిసిన మర్నాడు ఆయన బీబమ్మ చెయ్యి పట్టుకుని నాగప్ప ఇంటికి నడిచి వెళ్ళి, తప్పయిపోయిందని చెప్పుకుని వచ్చాడు.

"వాళ్ళేమీ అనలేదు నాయనా. అన్నకే మూడు దినాలు అన్నం దిగలేదు," అంది బీబమ్మ.

ఫోన్ వల్లే అయిందని అన్నాడా అని ఓబులేసు అడిగాడు. లేదంది. నాకు వయసు మీద పడింది, మరపు వస్తాండాది, ఇంక ఎవరికీ మాటియ్యగూడదు అన్నాడంది.

ఓబులేసు ఆమె బాధపడుతుందని కంచంలోది ఎలాగో తిన్నాడు. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చి, వేపచెట్టు నీడలో నిలబడి జయశీలకు ఫోన్ చేశాడు. జరిగిందంతా జరిగినట్టే చెప్పాడు. నాగప్ప మనవరాలి సంగతి కూడా దాచలేదు. జయశీల అంతా విన్నది. నేను ముందే చెప్పాను కదా అని ఆమె అంటుందని అతను కాచుకుని ఉన్నాడు. ఆమె ఆ మాట అనలేదు.

"కళ్ళు లేని వాళ్ళకు సరిచూడాలన్న పని మన జాబితాలో ఇంకా ఉంది," అంది. "దాన్ని ఏ తేదీకి పెట్టను?"

"ఈ రోజుకు పెట్టు," అన్నాడు ఓబులేసు.

మర్నాటి బస్సుకు ఆమె కూడా దిగింది. ఇద్దరూ తకియాలో నాలుగు రోజులున్నారు. పగలంతా చాప మీద కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు కళ్ళకు తువ్వాలు కట్టుకుని, తాము కట్టిన గోడలో తామే తడుముకున్నారు. చెవికి దారి దొరకనివన్నీ కాగితం మీద రాసుకున్నారు. ఉసేనయ్య పక్కనే కూర్చుని, దేవుని పేరు తలుస్తూ జపమాల లాంటి తస్బీ తిప్పుకునేవాడు. అడిగితే జవాబు చెప్పేవాడు, లేకపోతే లేదు. ఆయన వేలు ఇప్పుడు వణుకుతోందని, తెర మీద నొక్కిపట్టలేకపోతున్నాడని జయశీల రెండో రోజు గమనించింది. ఎనిమిది నెలల కిందట ఆ వణుకు లేదు. ఓబులేసు ఆ వేలినే చాలాసేపు చూశాడు.

బెంగుళూరు వెళ్ళాక పని మొదలుపెట్టారు. ఐదు ముఖాలు పోయాయి. మార్కులు పోయాయి. మంచి మాట పోయింది. వెనకబడిపోతారని తిట్టే వాక్యాన్ని ఓబులేసు మొదటి రోజే తీసేశాడు. ప్రతిదీ అంత తేలికగా పోలేదు. మొక్క తీసేస్తే కొందరు గొడవ చేశారు. అది చూసుకుంటేనే తమకు పని చేయబుద్ధవుతుందని ఒకాయన నాలుగు ఉత్తరాలు రాశాడు. దాని గురించి ఇద్దరూ వారం రోజులు వాదించుకుని, కావాలన్నవాళ్ళు తెచ్చుకునేలా ఒక పక్కన పెట్టారు. వేళకు మోగే గంటను తీసేద్దామని ఓబులేసు అంటే జయశీల ఒప్పుకోలేదు. అత్తగారికి మాత్రలు ఇచ్చేది ఆ గంట వినే అని ఒక కోడలు రాసిన ఉత్తరం చూపించింది. గంట ఉండిపోయింది. మిగిలిన ప్రతి బటన్‌కూ పేరు పెట్టారు.

కొత్తగా పెట్టింది ఒక్కటే. నొక్కలేని వేళ్ళకోసం, ఫోన్ నోటి దగ్గరికి తెస్తే చెప్పిన పని దాచుకునేలా, చెవి దగ్గరికి తీసుకుంటే చాలు, అదే తెలుసుకుని వినిపించేలా చేశారు. దానికే రెండు నెలలు పట్టింది. పోయినవాళ్ళు వెంటనే తిరిగి రాలేదు. ఇంకా కొందరు పోయారు కూడా. జయశీల మాత్రం తప్పుకుంటానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఓబులేసు కూడా ఆమెను అడగలేదు.

శ్రావణంలో కొత్త గోడ తయారయింది. అందరికంటే ముందు తాతకే చూపించాలని ఓబులేసు బయల్దేరాడు. సన్నగా వాన పడుతోంది. ఉసేనయ్య ఎప్పటిలాగే చాప మీద ఉన్నాడు. ఓబులేసు మంచీ చెడ్డా మాట్లాడి, బీబమ్మ ఇచ్చిన టీ తాగి, అప్పుడు ఫోన్ ఆయన చేతిలో పెట్టాడు. ఎలా మాట్లాడాలో చెప్పాడు. ఉసేనయ్య, శుక్రవారం నాగప్ప ఇంటికి పోవాల, బిడ్డకు ఏడో నెల, అన్నం ముట్టిస్తారు, అని చెప్పి, ఫోన్‌ను చెవి దగ్గరికి తీసుకున్నాడు. అదే మాట, ఆయన గొంతుతోనే వెంటనే వచ్చింది. ఇంకేమీ రాలేదు. ఇంకోసారి విన్నాడు. తలాడించి ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఓబులేసు ఎదురుచూశాడు. మీ అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయని ఉసేనయ్య అడిగాడు. జయశీల బాగుందా అని అడిగాడు. పెన్నకు నీళ్ళొచ్చినాయా, వంతెన మీద చూసినావా అని అడిగాడు. అన్నిటికీ జవాబు చెప్పి ఓబులేసు మళ్ళీ ఎదురుచూశాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"మొత్తం ముప్పై నాలుగు ఫీచర్లు ఉండేవి తాతా," అన్నాడు. "ఇరవై ఆరు తీసేశాను. ఇంకెవరైనా అయితే ఇన్ని తీయలేరు."

తస్బీ పూసల మీద ఉసేనయ్య వేళ్ళు ఆగాయి.

"లెక్కబెట్టినావా నాయనా?" అన్నాడు.